గోథార్డ్ కొండకు రెండు వైపుల

స్విట్జర్లాండు వెళ్ళి వచ్చామంటే మనవాళ్ళు మంచు కొండల సంగతే అడుగుతారు. వాటిని గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయబోయేది ఆ కొండల కింద జరుగుతున్న ఒక పెద్ద పనిని గూర్చి, ఆ పనిని సామాన్య ప్రజలకు విప్పి చెప్పడానికి తలుపులు తెరచి ఉంచిన రెండు సమాచార కేంద్రాలను గూర్చి. మన జిల్లాల్లో కూడా కొండల కింద సొరంగాలు తొలుస్తున్న రోజులివి. కాబట్టి ఇది మన పాఠకులకు మరీ దూరపు సంగతేమీ కాదు.

మా అబ్బాయి జ్యూరిచ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2025వ సంవత్సరం అక్టోబరులో నేనూ మా ఇంటావిడా వాడి దగ్గర కొన్ని వారాలు ఉన్నాము. ఒక శనివారం వాడు మమ్మల్ని గోథార్డ్ కొండకు తీసుకువెళ్ళాడు. కొండకు ఉత్తరాన గోషెనెన్ అనే ఊరు, దక్షిణాన ఐరోలో అనే ఊరు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య కార్లు, లారీలు పోయే పాత రోడ్డు సొరంగం పక్కనే ఇప్పుడు రెండవ సొరంగం తొలుస్తున్నారు. ఆ రెండు ఊళ్ళలోనూ ఒక్కొక్క సమాచార కేంద్రం ఉంది. ప్రవేశానికి టికెట్టు లేదు. ఎవరైనా వెళ్ళవచ్చు, ఏదైనా అడగవచ్చు.

మూడుసార్లు కనబడే చర్చి

జ్యూరిచ్ నుంచి గోషెనెన్‌కు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. వేగంగా పోయే రైళ్ళు ఇప్పుడు ఈ దారిన రావు. అవి 2016 జూన్ 1న ప్రారంభించిన 57 కిలోమీటర్ల కొత్త రైలు సొరంగంలో కొండ అడుగు నుంచే పోతాయి. ప్రపంచంలో అంతకంటె పొడవైన రైలు సొరంగం లేదు. మేము మాత్రం పాత మార్గంలో కొండ ఎక్కుతూ పోయే రైలే ఎక్కాము.

ఈ మార్గంలో వాసెన్ అనే పల్లె ఉంది. గుట్ట మీద తెల్లని చర్చి. రైలు ఒక్కసారిగా అంత ఎత్తు ఎక్కలేదు గనుక కొండ లోపలే సొరంగాల్లో చుట్టు తిరిగి పైకి వస్తుంది. అందుచేత ఆ చర్చి మూడుసార్లు కనబడుతుంది. మొదట తలయెత్తి చూడాలి. రెండవసారి కిటికీకి ఎదురుగా ఉంటుంది. మూడవసారి వంగి కిందికి చూడాలి. “ఇందాక చూసిన చర్చేనా అండీ ఇది?” అని మా ఇంటావిడ రెండుసార్లు అడిగింది. విశాఖ నుంచి అరకు వెళ్ళిన మన పాఠకులకు ఈ ఆనందం కొంత తెలుసు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. ఒక్కొక్క సొరంగం రాగానే పిల్లలు కేకలు వేయడం మనకు అలవాటే.

గోషెనెన్ కేంద్రంలో

గోషెనెన్ సముద్రమట్టానికి 1,106 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఉన్న చిన్న ఊరు. స్టేషను నుంచి నడిచే వెళ్ళాము. లోపల కొండను నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలు, రాతి ముక్కలు, యంత్రాల నమూనాలు, జర్మను, ఇటాలియను భాషల్లో వివరాలు ఉన్నాయి. ఒక యువతి ఓపికగా వివరించింది. అబ్బాయి మాకు తెలుగులో చెబుతూ వచ్చాడు.

పాత రోడ్డు సొరంగం 1980 సెప్టెంబరు 5న తెరిచారు. పొడవు 16.9 కిలోమీటర్లు. ఒకే గొట్టం, అందులోనే వచ్చే బండ్లు, పోయే బండ్లు ఎదురెదురుగా నడుస్తాయి. 2001 అక్టోబరు 24న అందులో రెండు లారీలు ఢీకొని మంటలు లేచాయి. 11 మంది చనిపోయారు. అటుపైన ఆ సొరంగానికి పెద్ద మరమ్మతు అవసరమైంది. మరమ్మతు కోసం మూసివేస్తే దక్షిణ ప్రాంతం వారికి ఏళ్ళ తరబడి దారి ఉండదు. అందుకని రెండవ గొట్టం తొలవాలని ప్రభుత్వం తలపెట్టింది.

కాని ఆ దేశంలో అటువంటి నిర్ణయం ప్రభుత్వం ఒక్కటే చేయలేదు. 2016 ఫిబ్రవరి 28న దేశమంతటా ప్రజలను ఓటు అడిగారు. నూటికి 57 మంది సరే అన్నారు. అంటే 43 మంది వద్దన్నారన్నమాట. వద్దన్నవారి భయం ఏమిటంటే, రెండు సొరంగాలు ఉంటే లారీలు రెట్టింపవుతాయని, లోయలో పొగ, మోత పెరుగుతాయని. 1994లోనే ఆ దేశ ప్రజలు ఆల్ప్స్ కొండల రక్షణ కోసం ఓటు వేసి, కొండలు దాటే రోడ్డు సామర్థ్యం పెంచకూడదని రాజ్యాంగంలో చేర్పించారు. కాబట్టి రెండు సొరంగాలు సిద్ధమైన తరువాత కూడా ఒక్కొక్క దానిలో ఒక్క వరుస బండ్లనే పోనిస్తారు. ఎదురు బండి ఉండదు గనుక ప్రమాదం తగ్గుతుంది. బండ్ల వరుసలు మాత్రం పెరగవు.

పని 2021లో మొదలయింది. 2030లో తెరవాలన్నది ప్రణాళిక. ఖర్చు రెండు వందల కోట్ల స్విస్ ఫ్రాంకులకు పైమాట. కొండను తొలవడానికి 12 మీటర్లకు మించిన వ్యాసం గల యంత్రాలు రెండు. అంటే మన మూడంతస్తుల మేడంత ఎత్తు చక్రం రాతిని గీరుకుంటూ ముందుకు పోతుంది. ఉత్తరపు యంత్రానికి అలెస్సాండ్రా అని, దక్షిణపు దానికి పౌలీనా అని పేర్లు పెట్టారు. సొరంగం యంత్రాలకు ఆడవారి పేర్లు పెట్టడం ఆ పనివారిలో ఆచారం.

ఈ అలెస్సాండ్రా 2025 ఫిబ్రవరిలో బయలుదేరింది. తొలి కొద్ది వందల మీటర్లలోనే, అనుకున్నదానికంటె ముందుగా పగిలిన, పట్టులేని రాయి ఎదురై, ఆ వేసవిలో ఆగిపోయింది. దాన్ని విడిపించడానికి పాత పద్ధతిలో తూటాలు పెట్టి పేలుస్తూ వేరే దారి చేసుకోవలసి వచ్చింది. ఈ సంగతి రహస్యం కాదు. పని చేయిస్తున్న రోడ్ల శాఖవారే బయటపెట్టగా పత్రికలన్నీ వ్రాశాయి. నన్ను ఆకట్టుకున్నది యంత్రం కంటె ఈ సంగతే. పని బాగా సాగినప్పుడు అందరూ చెబుతారు. ఆగినప్పుడు కూడా చెప్పేవారినే జనం నమ్ముతారు.

మా ఇంటావిడ అంతా విని, “లోపల పనిచేసేవాళ్ళు ఏ ఊరివాళ్ళట? పెళ్ళాం పిల్లలు దగ్గర ఉంటారా?” అని అడగమంది. ఆ యువతి నవ్వి, ఇది మంచి ప్రశ్న అన్నది. చాలామంది ఇతర దేశాలనుంచి వచ్చినవారేనని, సొరంగం ముఖద్వారం దగ్గరే వారికి గదులు, భోజనశాల ఉన్నాయని, షిఫ్టుల మధ్య సెలవు దొరికినప్పుడు ఇళ్ళకు వెళ్ళి వస్తారని చెప్పింది. మా ఇంటావిడ, “మన పాలమూరు వాళ్ళలాగేనన్నమాట,” అన్నది.

పది నిమిషాల చీకటి

అక్కడినుంచి ఐరోలోకు మళ్ళీ రైలు ఎక్కాము. ఇది 1882లో తెరిచిన పాత రైలు సొరంగం. పొడవు 15 కిలోమీటర్లు. దాటడానికి పది నిమిషాలు చాలు. గోషెనెన్‌లో జర్మను మాటలు విన్నవారము, ఐరోలోలో దిగేసరికి ఇటాలియను మాటలు విన్నాము. కొండకు అవతల భాష వేరు, ఇళ్ళ కప్పుల తీరు వేరు.

ఈ పది నిమిషాల దారి తొలవడానికి 1872 నుంచి సుమారు పది సంవత్సరాలు పట్టింది. కంట్రాక్టు తీసుకున్న ఇంజనీరు లూయీ ఫావ్ర్ జెనీవా ప్రాంతపువాడు. చాలా తక్కువ కాలంలో, తక్కువ ధరకు ఒప్పుకున్నాడు. ఆలస్యమైతే రోజుకింత జుర్మానా అని ఒప్పందం. ఆ తొందర భారమంతా కూలీల మీద పడింది. వారిలో ఎక్కువమంది ఇటలీ పల్లెలనుంచి వచ్చిన బీదవారు. లోపల ఉక్క, డైనమైటు పొగ, రాతి ధూళి, మోకాళ్ళ లోతు నీరు. మరుగుదొడ్లు లేవు. ఆ వేడి బురదలో కొంకిపురుగులు పెరిగి కూలీల ఒంట్లో చేరి రక్తం పీల్చాయి. వందలమంది పాలిపోయి, నడవలేని స్థితికి వచ్చారు. ఈ జబ్బు కారణాన్ని టూరిన్ నగరపు వైద్యులు కనిపెట్టింది ఈ సొరంగం కూలీలను పరీక్షించినప్పుడే. చెప్పులు లేని కాళ్ళతో బురదలో తిరగవద్దని మన ఆరోగ్య కార్యకర్తలు పిల్లలకు నేటికీ చెప్పే మాట వెనుక ఇటువంటి కూలీల బాధ ఉంది.

1875 జూలైలో గోషెనెన్ కూలీలు ఈ స్థితిని భరించలేక పని మానేశారు. వారిమీదికి తుపాకులతో వచ్చినవారు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. 1879 జూలై 19న ఫావ్ర్ కూడా సొరంగం లోపలే గుండె ఆగి కూలిపోయాడు. అప్పటికి వయసు 53. 1880 ఫిబ్రవరి 29న రెండువైపుల వారు మధ్యలో కలిశారు. రాతిలో మొదటి రంధ్రం పడగానే, అవతలి వారికి ఒక డబ్బాలో ఫావ్ర్ చిత్రపటం పెట్టి అందించారట. బ్రతికి ఉంటే ఆ రంధ్రం గుండా మొదట దాటవలసినవాడు ఆయనే అని వారి భావం.

పదేళ్ళలో ఆ సొరంగంలో ప్రమాదాల వల్ల చనిపోయినవారు నమోదైన లెక్క ప్రకారమే సుమారు 200 మంది. జబ్బుతో ఇళ్ళకు పోయి అక్కడ చనిపోయినవారు ఈ లెక్కలో లేరు. మనం హాయిగా కిటికీ పక్కన కూర్చుని దాటే పది నిమిషాల చీకటికి వారు చెల్లించిన వెల అది.

ఐరోలోలో

ఐరోలో సమాచార కేంద్రంలో మాకు ఎక్కువగా నచ్చినది ఊరి నమూనా. పెద్ద రోడ్డు వచ్చిన నాటినుంచి ఆ లోయ అడుగుభాగమంతా కాంక్రీటుతో నిండిపోయింది. ఇప్పుడు కొండలోనుంచి తీసిన రాతిని, మట్టిని ఉపయోగించి సుమారు ఒక కిలోమీటరు పొడవున ఆ రోడ్డుపై కప్పు వేసి, పైన నేల పరుస్తారు. పోయిన పొలం, పచ్చిక కొంతైనా ఊరికి తిరిగి వస్తుంది. ఉత్తరం వైపు రాతిలో కొంత భాగాన్ని ఊరి సరస్సులో వేసి, చేపలకు, పక్షులకు అనువైన లోతు తక్కువ చోట్లు తయారుచేస్తారు. లోగడ పెద్ద రైలు సొరంగం రాతితో ఆ సరస్సులోనే చిన్న ద్వీపాలు చేశారు.

ఇటువంటివి చూసినప్పుడు పల్లెటూరి మనిషినైన నాకు ఒక ఆలోచన వచ్చింది. పెద్ద పనులు వద్దని మనం అనలేము. నీళ్ళు కావాలి, రోడ్లు కావాలి. అయితే ఆ పని మన ఊరినుంచి ఏమి తీసుకుపోతున్నది, తిరిగి ఏమి ఇస్తున్నది, ఎంతకాలం దుమ్ము భరించాలి, ఎవరిని అడగాలి అన్నవి తెలుసుకొనడం ఊరివారి హక్కు. ఆ రెండు కేంద్రాల్లో కనబడిన పెద్దమనిషితనం అదే. అడిగినవారిని విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పడం.

మోసుకువస్తున్న మనిషి

ఐరోలో స్టేషను దగ్గర ఒక కంచు శిల్పం ఉంది. దాని పేరు ‘శ్రమకు బలియైనవారు’ అని చెప్పవచ్చు. చెక్కినవాడు విన్‌చెంజో వేలా అనే శిల్పి. ఆ ప్రాంతంలోనే పుట్టినవాడు. సొరంగం తెరిచిన 1882లోనే దీన్ని తయారుచేశాడు. ఎవరూ అడిగి చేయించుకున్నది కాదు. పనివారు చనిపోయిన తమ తోటివాణ్ణి మోసుకుంటూ చీకటిలోనుంచి బయటికి వస్తున్నట్టు అందులో ఉంటుంది. ముఖాల్లో ఏడుపు లేదు. అలసట ఉంది, బరువు ఉంది. 50 సంవత్సరాలు గడచిన తరువాత, 1932లో, దాన్ని ఐరోలోలో నిలిపారు.

మా ఇంటావిడ ఆ శిల్పం ఎదుట చాలాసేపు నిలబడింది. తరువాత, “ఇది కూడా సమాచార కేంద్రమేనండీ,” అన్నది. నాకు ఆ మాట సత్యమనిపించింది. యంత్రం ఎంత పెద్దదో చెప్పడం సగం సమాచారం. ఎవరు తిరిగి రాలేదో చెప్పడం మిగతా సగం.

కాలం గడచేకొద్దీ మనుష్యులు కొంత నేర్చుకున్నారు. 15 కిలోమీటర్ల పాత రైలు సొరంగంలో సుమారు 200 మంది పోగా, 57 కిలోమీటర్ల కొత్త దానిలో 9 మంది పోయారు. తొమ్మిది చిన్న సంఖ్య అని ఆ తొమ్మిది ఇళ్ళలో ఎవరూ అనరు. అయినా గాలి, నీరు, వైద్యం, నియమాలు ఉంటే ప్రాణాలు దక్కుతాయనడానికి అది రుజువు.

సిలోయము

పరిశుద్ధ గ్రంథం ఎరిగిన మనకు సొరంగం అనగానే హిజ్కియా గుర్తురావాలి. ఆ రాజు పట్టణములోనికి నీళ్ళు రప్పించిన సంగతి రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయంలోను, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32వ అధ్యాయంలోను ఉన్నది. యెరూషలేములో గిహోను ఊటనుంచి సిలోయము కోనేటివరకు రాతిలో తొలిచిన 533 మీటర్ల కాలువ నేటికీ ఉంది. గోథార్డ్ రెండు కొనలు కలిసిన 1880వ సంవత్సరంలోనే ఆ కాలువ గోడమీద పాత హెబ్రీ అక్షరాలతో చెక్కిన ఒక శాసనం బయటపడింది. రెండువైపులనుంచి తొలుస్తూ వచ్చిన పనివారు రాతికి అవతల తమ తోటివారి కేకలు విని ఎలా కలిశారో అందులో ఉన్నది. వింత ఏమిటంటే, ఆ శాసనంలో రాజు పేరు ఎక్కడా లేదు. ఉన్నదంతా పనివారి కథే.

అదే సిలోయములో మరొక సంగతి జరిగింది. ఒక గోపురము పడి 18 మంది చనిపోయారు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు ఆ సంగతి ఎత్తి, వారు ఇతరులకంటె పాపులని తలచవద్దని బోధించాడు. చనిపోయినవారి సంఖ్య ఆయనకు తెలుసు. నేరం వారిమీద మోపడం ఆయన ఒప్పుకొనలేదు. మన ఊళ్ళలో కూలీ చనిపోతే “వాడి రాత,” “వాడి ఖర్మ,” అని తేలికగా అనేవారికి ఈ అధ్యాయం జవాబు చెబుతుంది.

మన కొండల కింద

2025 ఫిబ్రవరి 22న ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారానికి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీరు, బురద, రాళ్ళు ఒక్కసారిగా దూసుకువచ్చాయి. ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. ఇంజనీర్లు, యంత్రం నడిపేవారు, కూలీలు; జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ ప్రాంతాలవారు. మార్చి నెలలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి. వారాల తరబడి వెదికినా మిగతా ఆరుగురు చేతికి రాలేదు. ఆ నీళ్ళు ఫ్లోరైడుతో నడుములు వంగిన నల్లగొండ ప్రాంతానికి రావలసినవి. ఎక్కడో జార్ఖండ్ పల్లెలో పుట్టినవాడు మన బిడ్డల దాహం తీర్చే పనిలో ప్రాణం విడిచాడు.

ఆ రోజుల్లో మనం సంఘాల్లో వారికోసం ప్రార్థించాము. తరువాత ఇతర వార్తలు వచ్చాయి, మరచిపోయాము. ప్రకాశం జిల్లాలో వెలిగొండ కింద ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవైన రెండు సొరంగాలు తొలిచారు. వాటిలో పనిచేసినవారి ఊళ్ళు మనలో ఎంతమందికి తెలుసు?

ఐరోలో నుంచి వచ్చినప్పటినుండి నాకు తోచిన రెండు మాటలు విన్నవించి ముగిస్తాను. మొదటిది, అడగడం నేర్చుకుందాము. పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద పనులు చాలావాటికి 2006 నాటి నియమాల ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జిల్లా కలెక్టరు గాని, ఆయన ప్రతినిధి గాని సభ నడపాలి. అటువంటి నోటీసు మన మండలంలో వస్తే సంఘ పెద్దలు దాన్ని ఆరాధన తరువాత చదివి వినిపించవచ్చు. చదువుకున్న యువకులు ఊరివారికి అర్థమయ్యేటట్టు చెప్పవచ్చు. మన స్త్రీలు కూడా ఆ సభకు వెళ్ళాలి. పనివారి పెళ్ళాం పిల్లల సంగతి అడగడం వారికే తోస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం కూడా పెద్ద చదువు అవసరమైన పని కాదు.

రెండవది, జ్ఞాపకం ఉంచుకుందాము. మన ఊరి దగ్గర కాలువకో, రోడ్డుకో, సొరంగానికో వచ్చిన పరాయి రాష్ట్రపు కూలీలు ఉంటే వారి గుడారాలకు వెళ్ళి పలకరిద్దాము. భాష రాకపోయినా మంచినీళ్ళు, మజ్జిగ ఇవ్వడానికి భాష అక్కరలేదు. వారి పిల్లలను మన ఆదివారపు బడిలో కూర్చోబెట్టుకుందాము. వారిలో ఎవరికైనా హాని జరిగితే, పేరు, ఊరు కనుక్కొని, ప్రార్థనలో ఆ పేరుతోనే తలచుకుందాము. శ్రీశైలం సొరంగంలో ఉండిపోయిన ఆ ఆరుగురి ఇళ్ళవారిని దేవుడు ఆదరించును గాక.